250 పదాల పరీక్ష: బ్రిటన్ సివిల్ సర్వీస్ దరఖాస్తులో బిహేవియర్ ఉదాహరణలు

సివిల్స్ అనగానే తెలుగు ఇళ్లలో మెదిలేది యూపీఎస్సీ. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ, ఏళ్ల తరబడి కోచింగ్, అన్నీ కలిసొస్తే ఐఏఎస్. బ్రిటన్‌లో సివిల్ సర్వీస్ అంటే అంత ఎత్తున కూర్చున్న వ్యవహారం కాదు. పన్నుల శాఖ కాల్ సెంటర్‌లో ఫోను ఎత్తేవారు, పాస్‌పోర్టు దరఖాస్తులు పరిశీలించేవారు, జాబ్ సెంటర్‌లో నిరుద్యోగులకు దారి చూపేవారు, మంత్రికి విధాన పత్రాలు రాసిచ్చేవారు అందరూ సివిల్ సర్వెంట్లే. మొత్తం 5 లక్షల మందికి పైనే ఉంటారు. ఈ కొలువుల్లో ఎక్కువ భాగానికి మనకు అలవాటైన రాతపరీక్ష లేదు. కొన్నింటికి ఆన్‌లైన్ పరీక్షలు పెడతారు గానీ, చాలా చోట్ల అభ్యర్థిని గట్టెక్కించేదీ ముంచేదీ దరఖాస్తే. అందులోనూ ‘బిహేవియర్’ ఉదాహరణ. ఉద్యోగానికి కావలసిన ఫలానా నడవడిని గతంలో ఎక్కడ, ఎలా చూపారో 250 పదాలకు మించకుండా రాయాలి.

ఇందులో చరిత్ర చేసిన చమత్కారం ఒకటుంది. చుట్టరికాలూ సిఫారసులూ చూసి ఉద్యోగాలివ్వడం మాని పోటీ పరీక్ష పెట్టాలని బ్రిటన్ ప్రభుత్వానికి చెప్పిన నార్త్‌కోట్–ట్రెవెలియన్ నివేదిక 1854లో వెలువడింది. అదే ఏడాది మెకాలే కమిటీ భారత సివిల్ సర్వీసుకూ అదే మందు రాసింది. 1855లో లండన్‌లో తొలి పరీక్ష జరిగింది. నివేదిక రాసిన ఇద్దరిలో ఒకరైన చార్లెస్ ట్రెవెలియన్ మెకాలే చెల్లెలి భర్త. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చి, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల మీదా కొద్దికాలం పెత్తనం చేశాడు. వాళ్లు పెట్టిన పరీక్షను మనం ఇప్పటికీ గట్టిగా పట్టుకుని ఉన్నాం. బ్రిటన్ మాత్రం చాలా కొలువులకు దాన్ని పక్కన పెట్టేసి, ప్రతిభే ప్రాతిపదికగా అందరికీ తెరిచిన పోటీ ఉండాలన్న సూత్రాన్ని 2010లో చట్టంలోకి ఎక్కించుకుంది. ఆ ప్రతిభను తూచడానికి 2018 నుంచి వాడుతున్న పద్ధతి పేరు ‘సక్సెస్ ప్రొఫైల్స్’.

ఈ పద్ధతిలో అభ్యర్థిని ఐదు వైపుల నుంచి చూడవచ్చు: అనుభవం, సామర్థ్యం, సాంకేతిక నైపుణ్యం, సహజ బలాలు, బిహేవియర్లు. ప్రతి ఉద్యోగానికీ ఐదూ అడగరు. బిహేవియర్లు తొమ్మిది. విస్తృత దృష్టి, మార్పు తేవడం, సరైన నిర్ణయాలు తీసుకోవడం, నాయకత్వం, మాటతో ఒప్పించడం, కలిసి పనిచేయడం, తననూ ఇతరులనూ తీర్చిదిద్దుకోవడం, నాణ్యమైన సేవ అందించడం, గడువులో పని పూర్తిచేయడం. ఒక ప్రకటనలో వీటిలోంచి కొన్నింటినే ఎంచుకుని అడుగుతారు. వాటిలో ఒకటి ‘లీడ్ బిహేవియర్’. దరఖాస్తులు వెల్లువెత్తితే ముందు ఆ ఒక్కటే చదివి మార్కులు వేస్తారు. అక్కడ తప్పినవారి మిగతా ఉదాహరణలు ఎంత గొప్పవైనా ఎవరూ తెరిచి చూడరు.

చదివేవారికి అభ్యర్థి పేరు తెలియదు. వయసు, ఊరు, చదివిన విశ్వవిద్యాలయం కూడా చాలా చోట్ల కనపడకుండా దాస్తారు. వాళ్ల ముందు ఉండేవి ఆ 250 పదాలు, ఆ బిహేవియర్‌కు ఆ హోదాలో ఉండాల్సిన లక్షణాల వివరణ, 1 నుంచి 7 వరకు ఒక కొలబద్ద. ఆనవాలే లేకపోతే 1. సరిపడా ఆధారం ఉండి, ఉన్న లోపాలు ఆందోళన కలిగించనివైతే 4. గట్టి ఆధారం ఉంటే 5. ఆ హోదాకు మించిన సత్తా అక్కడక్కడా కనిపిస్తే 6, ఆసాంతం మించిపోతే 7. మామూలుగా 4 వస్తే గట్టెక్కినట్టే; పోటీ ఎక్కువైతే గీత పైకి జరుగుతుంది. ఈ వడపోతను అక్కడ ‘సిఫ్ట్’ అంటారు. సిఫ్ట్ చేసేవారు కూడా మామూలు ఉద్యోగులే. తమ రోజువారీ పని మధ్యలో, పదుల కొద్దీ దరఖాస్తులను ఒకే ప్రశ్నతో చదువుతుంటారు: ‘ఈ మనిషి చేసిందేమిటి, ఎందుకలా చేశారు?’ కాగితం మీద లేనిదాన్ని ఊహించి మార్కు వేయడానికి వాళ్లకు అనుమతి లేదు. అభ్యర్థికి తెలిసినదంతా తమకూ తెలిసినట్టు అనుకోవడానికీ లేదు.

సలహాలు చెప్పేవాళ్లంతా ఇక్కడ ‘స్టార్’ పద్ధతి దగ్గర ఆగిపోతారు. సందర్భం, బాధ్యత, చర్య, ఫలితం. మంచిదే. సందర్భానికీ బాధ్యతకూ కలిపి ఓ 50 పదాలు, చర్యకు 150, ఫలితానికి మిగిలినవి అన్న లెక్క కూడా మోటుగా సరిపోతుంది. కానీ ఆ నాలుగు గదులూ నింపిన ఉదాహరణలకు కూడా 3 మార్కులు రావడం సర్వసాధారణం. కారణం గదుల్లో లేదు, వాటిలో పెట్టిన సరుకులో ఉంది. ఉదాహరణను ఎంచుకునేటప్పుడు చాలామంది చూసేది పని ఎంత పెద్దది అన్నదే. ‘మూడు దేశాల్లో అమలైన ప్రాజెక్టు’, ‘లక్షల పౌండ్ల బడ్జెట్’, ‘ప్రఖ్యాత బ్యాంకుకు చేసిన డేటా మైగ్రేషన్’. పని పెద్దదైన కొద్దీ అందులో ఒక మనిషి వాటా చిన్నదవుతుంది, దాన్ని వివరించడానికే సగం పదాలు హరించుకుపోతాయి. సిఫ్ట్‌కు కావలసింది రెండు దారులు కనిపించిన క్షణం: ఇలా చేయవచ్చు, అలా చేయవచ్చు, ఏదీ చేయకుండా ఊరుకోవచ్చు, ఇతను ఫలానా కారణంతో ఫలానా దారి పట్టాడు. ఆ క్షణం లేని ఉదాహరణ ఉద్యోగ వర్ణన మాత్రమే అవుతుంది. సూపర్ మార్కెట్‌లో శనివారం షిఫ్టులో అలాంటి క్షణం దొరికితే, అది లేని బహుళజాతి ప్రాజెక్టు కంటే ఎక్కువ మార్కులు తెస్తుంది.

మాటల్లో చెప్పడం కంటే దగ్గరగా చూడటం మేలు. ఓ ఊహాజనిత అభ్యర్థి ఉన్నారనుకుందాం. ఒక హౌసింగ్ సంస్థలో, ఇళ్ల మరమ్మతుల హెల్ప్‌లైన్‌లో పని. దరఖాస్తు పెట్టింది ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ కొలువుకు. అక్కడి భాషలో ఈఓ. అడిగిన బిహేవియర్, నాణ్యమైన సేవ అందించడం. మొదట రాసింది ఇలా ఉంది:

“మా హెల్ప్‌లైన్‌కు రోజూ చాలా ఫోన్లు వచ్చేవి. అద్దెదారులు అసంతృప్తిగా ఉండేవారు. నాణ్యమైన సేవ అందించడం నాకు ఎంతో ముఖ్యం. అందువల్ల మేమంతా సమావేశమై సమస్యను చర్చించాం. వినియోగదారుల అవసరాలను అర్థం చేసుకుని, సంబంధిత విభాగాలతో సమన్వయం చేసుకుంటూ మెరుగైన విధానాన్ని అమలు చేశాం. ఈ క్రమంలో నేను ఎల్లప్పుడూ ఓపికగా, మర్యాదగా వ్యవహరించాను. ఫలితంగా ఫోన్లు గణనీయంగా తగ్గాయి. మేనేజర్ నన్ను అభినందించారు.”

ఇందులో అబద్ధం లేదు. మార్కూ లేదు. ఏ హెల్ప్‌లైన్ ఉద్యోగి పేరు పెట్టినా ఈ పేరా అతికిపోతుంది. ‘అవసరాలను అర్థం చేసుకుని’ అన్నది ప్రభుత్వ వివరణలోని వాక్యాన్ని తిరిగి అప్పజెప్పడమే. ఎలా అర్థం చేసుకున్నారో లేదు. ‘మెరుగైన విధానం’ ఏమిటో లేదు. ‘మేమంతా’లో అభ్యర్థి ఎక్కడ కూర్చున్నారో, సమావేశం పెట్టమన్నది ఎవరో, మూలన కూర్చుని తలూపినది ఎవరో తెలియదు. మేనేజరు అభినందన ఆధారం కాదు, అలంకారం. దీనికి 2 వేసినా, 3 వేసినా సిఫ్ట్ చేసినవారిని తప్పుపట్టలేం. అదే అనుభవాన్ని అదే మనిషి మళ్లీ రాస్తే:

“మరమ్మతుల హెల్ప్‌లైన్‌లో పనిచేస్తున్నప్పుడు, ఒకే మరమ్మతు గురించి ఒకే ఇంటి నుంచి పదేపదే ఫోన్లు రావడం గమనించాను. కారణం తెలుసుకోవడానికి రెండు వారాల కాల్ నోట్సు చదివాను. ఒక్క ప్రాంతం నుంచే రోజుకు సుమారు 40 ఫోన్లు ఒకే ప్రశ్నతో వస్తున్నాయి: పనివాళ్లు ఎప్పుడొస్తారు? మేం పంపే సందేశంలో ‘ఉదయం 8 నుంచి సాయంత్రం 6 లోపు’ అని మాత్రమే ఉండేది. మరో ఇద్దరు సిబ్బంది కావాలని పైవారిని అడుగుదామని మేనేజర్ అన్నారు. ఫోన్లు త్వరగా ఎత్తినంత మాత్రాన ప్రశ్న పోదని, నోట్సు చూపించి చెప్పాను. కచ్చితమైన గంట చెప్పించడం మరో మార్గం. కాంట్రాక్టరు దగ్గర పనులు కేటాయించే ఉద్యోగితో మాట్లాడితే, ముందు ఇంట్లో పని ఎంతసేపు పడుతుందో చెప్పలేరు కనుక అది నిలబెట్టుకోలేని మాట అవుతుందని తేలింది. అందుకే రోజును ఉదయం, మధ్యాహ్నం అని రెండు పూటలుగా విడదీసి, పనివాళ్లు బయలుదేరేటప్పుడు మరో సందేశం పంపాలని ప్రతిపాదించాను. ఆ ప్రాంతంలో నాలుగు వారాలు చేసి చూడటానికి మేనేజరును ఒప్పించాను. సెల్‌ఫోను వాడని వృద్ధులకు ఇది చేరదని గుర్తించి, వారి జాబితా తయారుచేసి, ముందురోజు ఇంటి ఫోనుకు మేమే చేసే ఏర్పాటు చేశాను. మొదటి వారం రెండో సందేశం ఆలస్యంగా వెళ్లి ఫిర్యాదులు వచ్చాయి. కాంట్రాక్టరుతో మాట్లాడి, ముందు ఇంట్లో పని ముగియగానే పంపేలా మార్పించాను. నాలుగో వారానికి ఆ 40 ఫోన్లు 22కు తగ్గాయి. ఇంట్లో ఎవరూ లేక పనివాళ్లు వెనుదిరిగిన సందర్భాలూ తగ్గాయి. తర్వాత ఇదే పద్ధతిని మిగతా ప్రాంతాలకు విస్తరించారు.”

తెలుగు క్రియ ఒక్క మాటలోనే చాలా మోస్తుంది కనుక ఇక్కడ పదాలు తక్కువ పడ్డాయి. ఇంగ్లిష్‌లో రాస్తే ఇది 250 దాటే ప్రమాదం ఉంది, కాబట్టి కోత తప్పదు. కోత మొదలుపెట్టాల్సింది సందర్భం నుంచే. ‘మరో ఇద్దరు సిబ్బంది’ వాక్యాన్ని మాత్రం ముట్టుకోకూడదు. మొత్తం ఉదాహరణకు ఆయువుపట్టు అదే. మేనేజరు ఒక దారి చూపారు, అది తేలికైనది, అభ్యర్థి దాన్ని ఎందుకు వద్దన్నారో ఆధారంతో ఉంది. కచ్చితమైన గంట అన్న రెండో దారిని కూడా ఊహతో కొట్టేయలేదు, అడిగి తెలుసుకుని వదిలారు. కస్టమర్లకు ఏది సాధ్యమో స్పష్టంగా చెప్పడం, వాళ్ల అవసరాలను అర్థం చేసుకోవడం, సేవను దెబ్బతీసే సమస్యను గుర్తించి పరిష్కారం వెతకడం అని ఈఓ స్థాయి వివరణలో ఉండేవి ఇవే. అయితే ఆ మాటలేవీ ఉదాహరణలో కనిపించవు. వృద్ధుల జాబితా అన్న ఒక్క వాక్యం, ‘నేను అందరినీ కలుపుకుపోయే మనిషిని’ అని పది సార్లు చెప్పుకోవడం కంటే ఎక్కువ పని చేసింది.

మొదటి వారం ఫిర్యాదుల సంగతి తీసేయాలని చాలామందికి అనిపిస్తుంది. దరఖాస్తులో సొంత పొరపాటు ఎవరు రాసుకుంటారు? కానీ ఆ వాక్యమే కథను నమ్మదగినదిగా చేస్తుంది. మొదలుపెట్టిన పని తొలిరోజే నున్నగా నడిచిందంటే, ఆఫీసు అంటూ ఒకటి చూసిన ఎవరికైనా అనుమానమే. ఎదురైన చిక్కును ఎప్పుడు గుర్తించారు, ఏం మార్చారు అన్నది చెబితే అది లోపంగా కాక నడవడిగా లెక్కకొస్తుంది. ఫలితం వంద శాతం దక్కకపోయినా పరవాలేదు. 40 నుంచి 22 అన్నది అద్భుతం కాదు. అయినా ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో ఉంది కాబట్టి దానికి బరువుంది. ‘45 శాతం మెరుగుదల’ అని మాత్రమే రాస్తే, దేనిలో, ఎంతకు అన్న ప్రశ్న మిగిలిపోతుంది. అంకెలు అసలే లేని పనులూ ఉంటాయి. అక్కడ పని అయ్యాక ఏం మారిందో, ఎవరు దాన్ని కొనసాగించారో చెబితే చాలు. లేని అంకెను సృష్టించడం కంటే అది గౌరవప్రదం, ఇంటర్వ్యూలో క్షేమం కూడా.

హోదా సంగతి దగ్గర దెబ్బతినేవారు మరో రకం. ఒకే పేరున్న బిహేవియర్ ఒక్కో మెట్టు మీద ఒక్కోలా ఉంటుంది. నిర్ణయాలు తీసుకోవడాన్నే తీసుకుంటే, ఈఓ మెట్టు మీద అడిగేది న్యాయంగా, సకాలంలో నిర్ణయించారా, తెలియనప్పుడు తగినవారిని అడిగారా, ఎందుకలా నిర్ణయించారో స్పష్టంగా చెప్పగలిగారా అన్నది. ఆ పైన హయ్యర్, సీనియర్ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ల (హెచ్‌ఈఓ, ఎస్‌ఈఓ) మెట్ల మీద అదే పేరు కింద ఇంకేదో అడుగుతారు. ఇతరులతో సవాలు చేయించుకున్నారా, జనానికి నచ్చకపోయినా కష్టమైన నిర్ణయం మీద నిలబడ్డారా, ప్రత్యామ్నాయాలు, ఖర్చులు, లాభాలు, ముప్పులు బేరీజు వేసి సిఫారసు ముందుపెట్టారా? వాటికీ పైనున్న గ్రేడ్ 7కు వెళ్తే లెక్క ఇంకా మారుతుంది. పైన చూసిన హెల్ప్‌లైన్ ఉదాహరణ ఈఓకు 5 దాకా పలకవచ్చు. అక్షరం మార్చకుండా ఎస్‌ఈఓకు పంపితే 3 దగ్గరే ఆగిపోవచ్చు, ఎందుకంటే అందులో ఒక వ్యవస్థను నిర్మించి, నడిపి, సమీక్షించిన దాఖలా లేదు, ఒక సందేశాన్ని సరిచేసిన దాఖలా మాత్రమే ఉంది. కనుక ముందు తెరవాల్సింది పాత ఉదాహరణల ఫైలు కాదు, ఆ హోదాకు ప్రభుత్వం ప్రచురించిన వివరణ. అందులోని ప్రతి వాక్యాన్నీ తాకాలన్న నియమమూ లేదు. అన్నింటినీ తాకబోయి దేన్నీ పట్టుకోలేనివారే ఎక్కువ.

తెలుగువారికి ఈ తలుపు ఎంతవరకు తెరిచి ఉందన్నది ముందే చూసుకోవలసిన విషయం. బ్రిటిష్ పౌరులకే అని ‘రిజర్వ్’ చేయని పోస్టులకు కామన్వెల్త్ దేశాల పౌరులు, అంటే భారతీయులు కూడా, దరఖాస్తు చేసుకోవచ్చు. బ్రిటన్‌లో పనిచేసే హక్కు మాత్రం ఉండాలి. కొన్ని పోస్టులు బ్రిటిష్ పౌరులకే. వీసా స్పాన్సర్‌షిప్ ఇస్తారో లేదో ప్రకటనలోనే ఉంటుంది, చాలా వాటిలో జవాబు లేదనే. భద్రతా తనిఖీకి దేశంలో కొంతకాలం నివాసం కూడా అడుగుతారు. సాధారణంగా ప్రాథమిక స్థాయి ఉగ్రవాద నిరోధక తనిఖీకి మూడేళ్లు, ఆ పై స్థాయికి ఐదు, అత్యున్నత స్థాయికి పది. భర్తో భార్యో ఉద్యోగ వీసా మీద వచ్చి, డిపెండెంటుగా పనిచేసే హక్కుతో ఉన్నవారు ఈ ప్రకటనలను చూడనైనా చూడకుండా వదిలేస్తుంటారు. అది అనవసరపు నష్టం.

దరఖాస్తు పెట్టే మనవాళ్లలో రెండు రకాల అలవాట్లు అడ్డొస్తాయి. మొదటిది ఐటీ నుంచి వచ్చేది. స్ప్రింట్, టికెట్, రిలీజ్, ఎస్కలేషన్ అంటూ సాగే ప్రాజెక్టు వర్ణన రెజ్యూమెకు చాలు. జైళ్ల శాఖ నుంచో పర్యావరణ శాఖ నుంచో వచ్చి సిఫ్ట్‌లో కూర్చున్నవారికి అందులో సగం పరభాష. పైగా ఆ వర్ణనలో కర్త ఎప్పుడూ ప్రాజెక్టే, మనిషి కాదు. అర్ధరాత్రి సర్వరు ఆగిపోయినప్పుడు క్లయింటుకు వెంటనే చెప్పాలా, కారణం తేలేదాకా ఆగాలా అని తేల్చుకున్న పావుగంటలో మంచి ఉదాహరణ దాగి ఉంటుంది. రెజ్యూమెలో ఆ పావుగంటకు చోటుండదు కాబట్టి అది గుర్తుకే రాదు.

రెండో అలవాటు పోటీ పరీక్షల నుంచి వచ్చేది, దీన్ని వదిలించుకోవడం మరీ కష్టం. యూపీఎస్సీ మెయిన్స్‌లో 2013 నుంచి నైతికత మీద 250 మార్కుల పేపరు ఒకటి ఉంది. మీరు జిల్లా అధికారి, వరద వచ్చింది, ఒక పక్క రాజకీయ ఒత్తిడి, మరో పక్క నిబంధన, ఏం చేస్తారు? ఇలా ఊహాత్మక సమస్యలకు సమాధానం రాయాలి. పారదర్శకత, జవాబుదారీతనం, భాగస్వాములందరితో సంప్రదింపులు అని విలువలను పేర్చడం అక్కడ నేర్పే విద్య. ఆ చేతివాటంతో బ్రిటన్ దరఖాస్తు రాస్తే వాక్యాలు గంభీరంగా ఉంటాయి, సంఘటన మాత్రం ఉండదు. ఇక్కడ ప్రశ్న ఏం చేస్తారు అని కాదు, ఏం చేశారు అని. ఆదర్శానికి ఒక్క మార్కూ రాదు. గత మంగళవారం కౌంటర్ దగ్గర జరిగినదానికి వస్తుంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది, దాన్ని తప్పు అనడం కంటే పెంపకం అనడం సబబు. నలుగురితో కలిసి చేసిన పనిని ‘నేనే చేశాను’ అని చెప్పుకోవడం మన దగ్గర డాంబికం. బ్రిటన్ సిఫ్ట్‌లో అలా చెప్పుకోకపోతే ఆధారం లేనట్టే. దీనికి మధ్యేమార్గం ఉంది. ఘనత మొత్తాన్ని తన మీద వేసుకోనక్కర్లేదు. బృందం ఏం చేసిందో ఒక వాక్యంలో చెప్పి, అందులో తన చేతిలో ఉన్న ముక్క ఏదో, ఆ ముక్కలో తాను తేల్చుకున్నదేమిటో మిగతా వాక్యాల్లో చెబితే చాలు. కలిసి పనిచేయడం అన్న బిహేవియర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. ‘మేం చక్కగా కలిసి పనిచేశాం’ అన్నది ఆ బిహేవియర్‌కు ఆధారం కాదు. పొసగని ఇద్దరిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి తాను ఏం చేశారన్నది ఆధారం.

చదువు కోసం వచ్చి ఇప్పుడిప్పుడే కొలువుల వేటలో పడినవారు తమ దగ్గర ఉదాహరణలే లేవనుకుంటారు. కేర్ హోమ్‌లో రాత్రి షిఫ్టు, గిడ్డంగిలో పని, కోర్సులో గ్రూప్ ప్రాజెక్టు, తెలుగు సంఘం ఉగాది వేడుకకు హాలు బుక్ చేసి చివరి నిమిషంలో మార్చాల్సి రావడం, ఇవన్నీ చెల్లుతాయి. ఈఓ, దాని కిందిదైన అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ (ఏఓ) స్థాయిల్లో అయితే మరీను. ఆఫీసు ఉద్యోగమే కావాలన్న నిబంధన లేదు. అయితే ఈ మధ్య జరిగినదై ఉండటం మంచిది, లేదంటే ఇంటర్వ్యూలో వివరాలు జారిపోతాయి.

ఇంటర్వ్యూ ప్రస్తావన ఎందుకంటే, సిఫ్ట్‌లో రాసిన ఉదాహరణనే అక్కడ తవ్వవచ్చు. ‘ఆ మేనేజరు ఒప్పుకోకపోతే ఏం చేసేవారు?’, ‘మళ్లీ చేయాల్సి వస్తే ఏం మారుస్తారు?’ అరువు తెచ్చుకున్న ఉదాహరణ మొదటి ప్రశ్నకే తడబడుతుంది. డబ్బులు తీసుకుని నమూనా జవాబులు రాసిచ్చేవారికి కొదవలేదు. కృత్రిమ మేధ ఉచితంగానే రాసిపెడుతుంది. దాన్ని సాయంగా వాడుకోవచ్చని, కానీ ఉదాహరణలు నిజమైనవై, సొంత అనుభవంలోంచే రావాలని ప్రకటనల్లోనే రాస్తున్నారు. నకలు అని తేలితే దరఖాస్తు రద్దు కావచ్చు, ఇప్పటికే సర్వీసులో ఉన్నవారైతే క్రమశిక్షణ చర్యలూ ఉండవచ్చు. నీతి పక్కన పెట్టినా, యంత్రం రాసే ఉదాహరణకు అసలు జబ్బు వేరే ఉంది. వివరాలు ఇవ్వకుండా అడిగితే అది పైన చూసిన మొదటి పేరాలాంటి దాన్నే, ఇంకాస్త నునుపుగా, వందల మందికి పంచిపెడుతుంది. ఇచ్చిన వివరాల్లో రెండు దారుల క్షణం ఉంటే పదాలు కుదించడానికి పనికొస్తుంది, అంతే.

ఈ పద్ధతి లోపాలు లేనిదా అంటే, కాదు. బ్రిటన్ ఇక్కడ పరిష్కరించాలనుకున్న సమస్య మనకు బాగా తెలిసినదే: ఎంపిక చేసేవారి ఇష్టాయిష్టాలు మార్కుల్లోకి దూరకుండా ఎలా ఆపడం? తెలంగాణ 2022 గ్రూప్-1లో ఇంటర్వ్యూనే తీసేసి రాతపరీక్షకు పూర్తిగా కట్టుబడింది. బ్రిటన్ ఇంటర్వ్యూ ఉంచి, పేర్లు దాచి, కొలబద్దను బహిరంగంగా ప్రచురించి, అందరినీ ఒకే ప్రశ్న అడిగే దారి పట్టింది. కొలబద్ద బయట పెట్టడం మెచ్చుకోదగినది. కానీ దాన్ని చదవడం తెలిసినవారికే అది పనికొస్తుంది. లోపల పనిచేసేవారికి సిఫ్ట్‌లో కూర్చున్న అనుభవం, చదివి దిద్దిపెట్టే సహోద్యోగి, ఏళ్లుగా పోగుచేసుకున్న ఉదాహరణలు ఉంటాయి. బయటి మనిషికి, అందునా ఇంగ్లిష్ రెండో భాష అయినవారికి, ఇవేవీ ఉండవు. చేసిన పనిని తూచుతున్నామని అంటారు గానీ, 250 పదాల్లో కథ చెప్పే నేర్పును కూడా తూచుతున్నారు. పనిలో దిట్టలై కాగితం మీద తేలిపోయేవారికి ఇది అన్యాయమే. ఆ నేర్పు బయటివారూ అలవరచుకోగలిగినదే కావడం ఒక్కటే ఊరట.

అలవరచుకోవడంలో ఉన్న పెద్ద చిక్కు, సిఫ్ట్‌లో తప్పినవారికి చాలా చోట్ల కారణం చెప్పకపోవడం. ఫీడ్‌బ్యాక్ ఇంటర్వ్యూ దాకా వెళ్లినవారికే. చేతికొచ్చేవి మహా అయితే మార్కులు. వాటిని విడివిడిగా కాక పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకే దరఖాస్తులో రెండింటికి 5 వచ్చి మూడోదానికి 3 వస్తే రాసే తీరులో లోపం లేనట్టే. ఆ మూడో ఉదాహరణే ఆ బిహేవియర్‌కు నప్పలేదు. అన్నింటికీ వరుసగా 3 వస్తే ఎంచుకున్న హోదా పెద్దదో, ఉదాహరణల్లో తేల్చుకున్న క్షణమే లేదో అయి ఉంటుంది. ఒకే ఉదాహరణకు ఒక ప్యానెల్ 3 వేస్తే మరో ప్యానెల్ 5 వేయడం కూడా మామూలే, ఎంత కొలబద్ద ఉన్నా చదివేది మనుషులే కనుక. ఒక్క చోట తప్పిందని మంచి ఉదాహరణను పారేయనక్కర్లేదు. అదే హోదాకు మూడు వేర్వేరు చోట్ల అదే 3 వస్తే మాత్రం వాక్యాలు దిద్దుతూ కూర్చోకుండా వేరే సంఘటన వెతుక్కోవాలి.